తాబేలు మేతకు గడ్డి విత్తనాలు: ఏవి కొనాలి, ఏవి వదిలేయాలి, ఇంట్లో ఎలా పరీక్షించాలి

తాబేలు పెంచుకునేవాళ్లతో మాట కలిస్తే చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాం: "ఇంట్లోనే గడ్డి పెంచి పెడదామనుకుంటున్నాం, ఏ విత్తనాలు కొనాలి?" దాని వెనకాలే ఇంకొకటి: "లాన్ వేసినప్పుడు మిగిలిన విత్తనాలు అర సంచి ఉన్నాయి, అవి చల్లేయొచ్చా?" రెండోదానికి జవాబు ఇప్పుడే చెప్పేస్తాను. వద్దు. ఎందుకు వద్దో కింద వివరంగా ఉంది. మొదటిదానికి జవాబు ఒక్క పేరుతో తేలదు, అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

గడ్డి జాతుల్లో తాబేలుకు కీడు చేసేవి తక్కువే. తిప్పలన్నీ గింజతోనే. గింజ పైన పూసిన మందు, గింజ లోపల కాపురముండే శిలీంధ్రం, సంచిలో కలిసిపోయి వచ్చిన వేరే మొక్కల గింజలు. ఈ మూడింటిలో ఏదీ సంచి మీద ఉన్న పచ్చటి బొమ్మలో కనబడదు. వెనక వైపు చిన్న అక్షరాల్లో కొంత తెలుస్తుంది, ఇంట్లో చేసుకునే పరీక్షల్లో ఇంకొంత తెలుస్తుంది.

కావలసినవి

- మందు పట్టించని, పూత లేని విత్తనాలు (ఎంపిక గురించే ఈ వ్యాసంలో సగం)
- అడుగున చిల్లులున్న ట్రేలు మూడు. గోధుమ, ఓట్స్ లాంటివాటికి 5 నుంచి 8 సెంటీమీటర్ల లోతు చాలు. గరిక లాంటి ఏళ్ల తరబడి ఉండే గడ్డికి కనీసం 15 సెంటీమీటర్లు కావాలి
- మామూలు తోట మట్టి, కొబ్బరి పొట్టు, బాగా చివికిన కంపోస్టు
- తెల్లటి టిష్యూ పేపర్లు, తెల్ల పళ్లెం, వీలైతే భూతద్దం
- నీళ్లు చిమ్మే స్ప్రే సీసా, కత్తెర
- గ్రాముల్లో తూచే చిన్న కాటా (ఇది తాబేలు కోసం)

1. ముందు మీ తాబేలు గడ్డి తినే రకమో కాదో చూసుకోండి

అన్ని తాబేళ్లూ గడ్డి మేయవు. సల్కాటా, లెపర్డ్, నక్షత్ర తాబేలు, ఆల్డాబ్రా లాంటి జాతులకు గడ్డే ప్రధాన ఆహారం. హెర్మన్, గ్రీక్, రష్యన్ తాబేళ్లు వెడల్పాకుల కలుపు మొక్కలను ఇష్టపడతాయి. గడ్డి పెడితే కాస్త కొరికి వదిలేస్తాయి. ఎర్రకాళ్ల తాబేలు అడవి నేల మీద పండ్లు, ఆకులు, పుట్టగొడుగులు తిని బతికే జీవి, దానికి ట్రేల కొద్దీ గడ్డి పెంచడం దండగ. నీటి తాబేళ్లకు ఈ వ్యాసంతో పనే లేదు.

నక్షత్ర తాబేలు ఉన్నవాళ్లకు ఒక మాట. 2019లో దాన్ని వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలోకి చేర్చారు. గడ్డి సంగతి తర్వాత, ముందు కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి.

2. గడ్డిని ఎంచుకోండి

నేనైతే ఇలా విడదీసి చూస్తాను.

నిశ్చింతగా వేసుకోగలిగినవి: గరిక, అంటే బెర్ముడా గడ్డి. వేడి ప్రదేశాలకు దీన్ని మించింది లేదు. తొక్కినా, మేసినా మళ్లీ లేస్తుంది. చల్లటి వాతావరణమైతే తిమోతీ, ఆర్చర్డ్ గడ్డి, కెంటకీ బ్లూగ్రాస్. నీళ్లు తక్కువ దొరికే చోట బ్లూ గ్రామా.

వేగంగా కావాలంటే: గోధుమ, ఓట్స్, బార్లీ. వారం పది రోజుల్లో చేతికొస్తాయి. కానీ ఇది లేత గడ్డి. నీరెక్కువ, పీచు తక్కువ. రోజూ ఇదొక్కటే పెడితే విసర్జన మెత్తబడుతుంది. పక్కన ఎండుగడ్డి ఉండాలి, లేదా ఎదిగిన గడ్డితో కలిపి పెట్టాలి.

కొంచెం కొంచెంగా మాత్రమే: లూసర్న్, క్లోవర్. ఇవి గడ్డి కాదు, పప్పుజాతి మొక్కలు. మాంసకృత్తులు ఎక్కువ. పచ్చికలో అక్కడక్కడ మొలిస్తే పీకేయనక్కర్లేదు, ట్రే నిండా వీటినే పెంచొద్దు. నేపియర్, బఫెల్, కికుయు, సెటేరియా జాతి గడ్డి కూడా ఈ వరుసలోనే. వీటిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి తినే మేతలోని కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. చిప్ప గట్టిపడాల్సిన పిల్ల తాబేలుకు ఇవి ప్రధాన మేత కాకూడదు.

వద్దే వద్దు: జొన్న, సుడాన్ గడ్డి, జాన్సన్ గడ్డి. పశువులను మేపేవాళ్లకు 'నాము' అన్న మాట తెలిసే ఉంటుంది. లేత జొన్న పిలకల్లో డ్యూరిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగినప్పుడు, నమిలినప్పుడు దాని నుంచి సైనైడ్ విడుదలవుతుంది. నీళ్లు లేక వాడిపోయి మళ్లీ చిగిర్చిన పిలకల్లో ఇంకా ఎక్కువ. మనం తాబేలుకు పెట్టేదే లేత పిలక కదా, అంటే అన్నిటికన్నా ప్రమాదమైన దశలో పెడుతున్నామన్నమాట. పక్షుల మేత మిశ్రమాన్ని చల్లి గడ్డి పెంచేవాళ్లు ఈ ఒక్క కారణంతోనైనా ఆపాలి, అందులో జొన్నలు తరచూ ఉంటాయి.

టాల్ ఫెస్క్యూ, పెరెన్నియల్ రై గ్రాస్. వీటి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. లాన్ మిశ్రమాల్లో ఉండేవి చాలావరకు ఇవే. ఈ గడ్డి లోపల ఎండోఫైట్ అనే శిలీంధ్రం బతుకుతుంది. బయటికి మచ్చ గానీ బూజు గానీ కనిపించదు, గింజ ద్వారా తర్వాతి తరానికి వెళ్తుంది. పురుగులు గడ్డిని తినకుండా అది కొన్ని విష పదార్థాలు తయారుచేస్తుంది. ఫెస్క్యూలో ఎర్గోవాలిన్, రై గ్రాస్‌లో లోలిట్రెమ్-బి. మొదటిది పశువులకు, గుర్రాలకు చేసే హాని, రెండోది గొర్రెలను తూలి పడేలా చేసే జబ్బు పశువైద్యంలో బాగా తెలిసినవే. లాన్ కోసం అమ్మే రకాల్లో ఈ శిలీంధ్రం కావాలనే ఉంచుతారు, పురుగు పట్టదని గొప్పగా కూడా చెబుతారు. గొర్రెను తూలించేదాన్ని తాబేలు మీద ప్రయోగం చేసి చూడాల్సిన పని మనకేముంది? తప్పనిసరిగా ఈ గడ్డే కావాలంటే పశుగ్రాసం రకాల్లో 'ఎండోఫైట్ ఫ్రీ' అని రాసి ఉన్నది వెతకండి. ఆ మాట లేకపోతే ఉన్నట్టే లెక్క.

3. వాడుక పేరును నమ్మకండి, శాస్త్రీయ నామం చూడండి

ఇక్కడ తప్పటడుగు వేసేవాళ్లు చాలామంది. గడ్డి పేర్లు ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఉంటాయి.

- 'బఫెలో' వేరు, 'బఫెల్' వేరు. ఒక్క అక్షరం తేడా. అదీ కాక ఆస్ట్రేలియాలో బఫెలో అంటే సెయింట్ అగస్టీన్ గడ్డి, అమెరికాలో అది పూర్తిగా వేరే మొక్క.
- 'రై' అంటే ధాన్యపు పంట, శాస్త్రీయ నామం సెకేల్ సిరియేల్. 'రై గ్రాస్' అంటే లోలియం. మన ఎండోఫైట్ గొడవ రెండోదానితోనే.
- 'కౌచ్' అంటే ఒక చోట గరిక, ఇంకో చోట ఎలిమస్ రెపెన్స్ అనే చల్లటి దేశాల కలుపు.
- టాల్ ఫెస్క్యూకు లేబుళ్ల మీద మూడు పేర్లు కనిపించొచ్చు: ఫెస్టూకా అరుండినేసియా, షెడోనోరస్ అరుండినేసియస్, లోలియం అరుండినేసియం. మూడూ ఒకటే. చివరి మాట 'అరుండిన...' అని మొదలైతే పక్కన పెట్టేయండి.

గుర్తుంచుకోవాల్సిన మంచి పేర్లు: గరికకు సైనొడాన్ డాక్టిలాన్, తిమోతీకి ఫ్లియం ప్రటెన్స్, ఆర్చర్డ్ గడ్డికి డాక్టిలిస్ గ్లోమెరాటా, కెంటకీ బ్లూగ్రాస్‌కు పోవా ప్రటెన్సిస్, బ్లూ గ్రామాకు బూటెలువా గ్రాసిలిస్, ఓట్స్‌కు అవీనా సటైవా. ఫోన్లో రాసి పెట్టుకోండి, కొట్లో నిలబడి గుర్తు తెచ్చుకోవడం కష్టం.

శాస్త్రీయ నామమే లేని ప్యాకెట్ అయితే? కొనకండి. 'పచ్చిక మిశ్రమం', 'నీడలో పెరిగే గడ్డి', 'అడవి పూల మిశ్రమం' అని మాత్రమే రాసి ఉన్నవి అసలే వద్దు. పూల మిశ్రమాల్లో లుపిన్, లార్క్‌స్పర్, ఫాక్స్‌గ్లోవ్ లాంటి విషపు మొక్కల గింజలు ఉండే అవకాశం ఉంది.

4. లేబుల్ వెనక వైపు చదవండి

నాలుగు విషయాలు చూడాలి.

మొదటిది, 'ట్రీటెడ్' అన్న మాట. మన వ్యవసాయంలో దీన్నే విత్తన శుద్ధి అంటారు. పేరు వింటే ఏదో శుభ్రం చేసినట్టు అనిపిస్తుంది కానీ, ఇక్కడ శుద్ధి అంటే మందు పట్టించడం. థైరం, కాప్టాన్, మెటలాక్సిల్, కార్బెండజిమ్ తెగుళ్ల మందులు. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ పురుగుల మందులు. ఈ పేర్లలో ఏది కనిపించినా ప్యాకెట్ అక్కడే పెట్టేయండి. "కడిగి వేస్తాం" అంటారు కొందరు. కడిగితే పైన ఉన్నది కొంత పోతుందేమో గానీ, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి వేరు గుండా మొక్క లోపలికి వెళ్లి ఆకుల్లో చేరడానికే తయారు చేసినవి. పెరిగిన ఆకులో కూడా ఉంటాయి.

రెండోది, 'కోటెడ్'. గింజ చుట్టూ సున్నం, బంకమట్టి లాంటివాటితో పూత. పూత మొత్తం విషం కాకపోవచ్చు, కానీ అందులో ఎరువు ఉందా, మందు ఉందా అన్నది బయటివాళ్లకు తెలియదు. కోటెడ్ అని రాయకపోయినా పట్టుకునే దారి ఒకటుంది: 'ఇనర్ట్ మ్యాటర్' (గింజ కానిది, అంటే పొట్టు, పూత లాంటివి) శాతం చూడండి. మామూలు గింజల్లో అది కొద్దిగానే ఉంటుంది. 40, 50 శాతం అని ఉంటే సంచిలో సగం బరువు పూతదే.

మూడోది, 'వీడ్ సీడ్' (కలుపు గింజలు), 'అదర్ క్రాప్' (వేరే పంటల గింజలు) శాతాలు. ఎంత సున్నాకు దగ్గరగా ఉంటే అంత మంచిది.

నాలుగోది, మొలక శాతం, దాన్ని పరీక్షించిన తేదీ. తేదీ ఏళ్ల కిందటిదైతే మొలక తగ్గుతుంది. ఇది భద్రత విషయం కాదు, డబ్బు విషయం.

విడిగా తూచి అమ్మే గింజలకు లేబుల్ ఉండదు. అలాంటప్పుడు మనుషులు తినడానికో, మొలకలు కట్టుకోవడానికో అమ్మే గోధుమలు, పొట్టుతో ఉన్న ఓట్స్, బార్లీ తెచ్చుకోవడం మేలు. పిల్లుల కోసం అమ్మే 'క్యాట్ గ్రాస్' ప్యాకెట్లలో ఉండేవి కూడా చాలావరకు ఇవే. పొలంలో విత్తడానికి అమ్మే గోధుమలకు మాత్రం మందు పట్టించి ఉండొచ్చు, రెండింటినీ కలపొద్దు. ఇంకో పొరపాటు: పాలిష్ పట్టిన పెర్ల్ బార్లీ, అటుకుల్లా నొక్కిన రోల్డ్ ఓట్స్ మొలవవు. నానబెట్టి వారం ఎదురుచూసినా పుల్లటి వాసన తప్ప ఏమీ రాదు.

5. ఇంట్లో మూడు పరీక్షలు

లేబుల్ బాగున్నా ఇవి మానకండి. మొత్తం కలిపి పావుగంట పని, ఆ తర్వాత ఎదురుచూపే.

పళ్లెం పరీక్ష. ఒక చెంచా గింజలు తెల్ల పళ్లెంలో పరవండి. అన్నీ ఒకే ఆకారంలో, ఎండుగడ్డి రంగులో ఉండాలి. గులాబీ, ఎరుపు, నీలం, ఆకుపచ్చ కనిపిస్తే అది మందుకో పూతకో గుర్తు. చాలా చోట్ల మందు పట్టించిన విత్తనాలు తిండిగింజల్లో కలవకుండా రంగు వేస్తారు. గింజల మధ్య ఎలుక పెంటికల్లా నల్లగా, ఊదాగా, పొడుగ్గా ఉండేవి కనిపిస్తే అది ఎర్గాట్ కావచ్చు. సజ్జ, జొన్న కంకుల్లో తేనెబంక తెగులు అంటామే, దాని బంధువు. రై గింజల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్కటి ఉన్నా మొత్తం పారేయండి.

తడి టిష్యూ పరీక్ష. 20 గింజలు తడిపిన తెల్ల టిష్యూలో మడిచి పావుగంట ఉంచి విప్పండి. టిష్యూకు రంగు అంటకూడదు. వేలితో నలిపితే బురదలా పొర ఊడి రాకూడదు. గోధుమ, ఓట్స్ గింజలు లేత గోధుమరంగు వదలడం సహజం, దానికి టెన్షన్ వద్దు.

ఈ పరీక్ష నాకు అనుభవంతో వచ్చింది. ఒకసారి గరిక గింజలు కొన్నాను, లేత ఆకుపచ్చగా ఉన్నాయి. తాజా గింజలు కాబోలు అని సంబరపడ్డాను. టిష్యూ విప్పితే అది కూడా ఆకుపచ్చే. అప్పుడు సంచి తిప్పి చూస్తే ఇనర్ట్ మ్యాటర్ సగం. అమ్మిన మనిషి మాత్రం "ఏ మందూ లేదండీ" అని ఘంటాపథంగా చెప్పాడు. అబద్ధం చెప్పాడనుకోను, ఆయనకీ తెలియదు.

మొలక పరీక్ష. 50 గింజలు తడి టిష్యూ మీద పరిచి, మూత ఉన్న డబ్బాలో వెచ్చగా ఉంచండి. గోధుమ, ఓట్స్, బార్లీ 3 నుంచి 7 రోజుల్లో మొలుస్తాయి. తిమోతీకి 7 నుంచి 10 రోజులు. పొట్టు తీసిన గరిక గింజలకు 7 నుంచి 14 రోజులు, పొట్టుతో ఉన్నవాటికి నెల దాకా పట్టొచ్చు. కెంటకీ బ్లూగ్రాస్ కూడా అంతే నిదానం, మూడు వారాలు గడిచినా పారేయకండి. లెక్కపెట్టండి: 50లో 40 మొలిస్తే 80 శాతం. సగం కూడా మొలవకపోతే ఆ గింజలు విత్తకండి. మొలవని గింజ మట్టిలో కుళ్లుతుంది, బూజు అక్కడే మొదలవుతుంది.

మొలకలను కూడా పరీక్షగా చూడండి. గడ్డి మొలక ఒకే సూదిలా పైకి లేస్తుంది. రెండాకులు విచ్చుకుని కనిపించిందంటే అది గడ్డి కాదు, కలిసి వచ్చిన మరేదో. ఏమిటో తెలియకపోతే పీకేయండి. ట్రేలో విత్తాక కూడా ఇదే గుర్తు పనికొస్తుంది.

పరీక్షలో తప్పిన రంగు గింజలను పక్షులకు వేయొద్దు, కంపోస్టులో కలపొద్దు. ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోండి.

6. విత్తండి

మట్టి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఒక్క హెచ్చరిక తప్ప. కుండీల కోసం అమ్మే రెడీమేడ్ మిశ్రమాల్లో తెల్లటి పెర్లైట్ పూసలు, ఎరువు గుళికలు ఉంటాయి. తాబేలు గడ్డి మొదలు పట్టి లాగినప్పుడు అవీ నోట్లోకి పోతాయి. పెర్లైట్ పేగుల్లో అడ్డం పడొచ్చు. తోట మట్టి, కొబ్బరి పొట్టు సమంగా కలిపి, గుప్పెడు కంపోస్టు వేస్తే సరిపోతుంది. పచ్చి పేడ వద్దు. లాన్ ఎరువుల్లో కలుపు మందు కలిపి అమ్మేవి ఉంటాయి, వాటి జోలికి పోవద్దు.

గోధుమ, ఓట్స్, బార్లీ అయితే 8 నుంచి 12 గంటలు నానబెట్టి, రెండుసార్లు కడిగి, తడి మట్టి మీద ఒకే వరసగా పరవండి. గింజకీ గింజకీ మధ్య ఇంకో గింజ పట్టేంత ఖాళీ ఉంచండి. పైన ఒక సెంటీమీటరు మట్టి. ఒత్తుగా చల్లితే ఎక్కువ గడ్డి వస్తుందనుకుంటాం, వచ్చేది ఎక్కువ బూజు.

గరిక, తిమోతీ, బ్లూగ్రాస్ గింజలు నలుసంత ఉంటాయి. నానబెట్టక్కర్లేదు. చేతికి అంటుకుని ఒకే చోట పడకుండా పొడి ఇసుకతో కలిపి చల్లండి. గరికకు చదరపు మీటరుకు 5 నుంచి 10 గ్రాములు చాలు. పైన మట్టి కప్పడం పేరుకే, 3 నుంచి 5 మిల్లీమీటర్లు. అరచేత్తో నొక్కండి. గరికకు వెచ్చదనం, నిండు ఎండ కావాలి. మట్టి 20 డిగ్రీల కంటే చల్లగా ఉంటే మొలక బాగా ఆలస్యమవుతుంది. ఇంట్లో కిటికీ పక్కన చల్లగా ఉండే చోటైతే గరికతో కుస్తీ పట్టకుండా ఓట్స్ వేసుకోండి.

నేలలో వేయాలనుకునేవాళ్లు ఆ నేలలో ఇంతకుముందు కలుపు మందు, చెదల మందు కొట్టారేమో తెలుసుకోండి. తెలియకపోతే ట్రేల్లోనే పెంచండి. గరిక నేలలో పడితే ఊరుకోదు, పక్క మడికి కూడా పాకుతుంది.

మూడు ట్రేలు ఎందుకు అన్నానంటే, ఒకదాన్ని తాబేలు మేస్తుంటే ఒకటి పెరుగుతుంటుంది, ఒకటి మొలుస్తుంటుంది. ధాన్యపు గడ్డి అయితే నాలుగైదు రోజుల తేడాతో విత్తండి.

7. నీళ్లు, బూజు

మొలిచేదాకా స్ప్రేతో తడుపుతూ ఉండండి. మొలిచాక ట్రేను నీళ్ల పళ్లెంలో పావుగంట ఉంచి కింది నుంచి తాగనివ్వండి, తర్వాత మిగిలిన నీరు పారబోయండి. గాలి ఆడాలి. మొదటి రెండు రోజులు కప్పి ఉంచినా ఆ తర్వాత మూత తీసేయండి.

మూడో రోజుకో నాలుగో రోజుకో "తెల్లగా నూగు కనిపిస్తోంది, బూజు పట్టింది, పారేశాం" అని చాలామంది చెబుతారు. తొందరపడకండి. కొత్త వేరు చుట్టూ దూదిలా కనిపించే సన్నని నూలు వేరు నూగే కావచ్చు. నీళ్లు చిమ్మితే వేరు నూగు అణిగి వేరుకు అతుక్కుపోతుంది, వాసన ఉండదు. బూజు అయితే నీళ్లు చిమ్మినా సాలెగూడులా అలాగే ఉంటుంది, మట్టి మీద, గింజల మీద పాకి ఉంటుంది, ముక్కిన వాసన వస్తుంది. బూడిద రంగు, నలుపు, పచ్చదనం కలిసి ఉంటే సందేహమే లేదు. బూజు పట్టిన భాగం మాత్రం తీసి మిగతాది పెట్టడం వద్దు, ట్రే మొత్తం ఖాళీ చేసి వేడి సబ్బునీళ్లతో కడగండి.

8. ఎప్పుడు కోయాలి

ధాన్యపు గడ్డి 12 నుంచి 15 సెంటీమీటర్లు రాగానే కోయండి, మట్టికి 3 సెంటీమీటర్లు పైకి. మళ్లీ వస్తుంది, కానీ సన్నగా. రెండో కోత తర్వాత ఆ ట్రే తీసేసి కొత్తది విత్తుకోండి. వేళ్లు, పాత గింజలు, మట్టి కలిసిన దిండును అలాగే తాబేలు ముందు పెట్టకండి, బూజు దాగి ఉండేది అందులోనే.

గరిక, తిమోతీ, ఆర్చర్డ్ గడ్డి విషయంలో ఓపిక కావాలి. ఆరేడు వారాలు పట్టొచ్చు. వేరు పట్టిందో లేదో తెలుసుకోవడానికి నాలుగు పోచలు పట్టుకుని మెల్లగా లాగండి. ఆకు తెగితే సిద్ధమైనట్టు. మొక్క మొత్తం ఊడి వస్తే ఇంకా ఆగాలి. ఈ పరీక్ష చేయకుండా ట్రేను తాబేలు గూట్లో పెడితే ఒక్క పూటలో దున్నేసి వదులుతుంది. ఒక కోతలో ఎత్తులో మూడో వంతుకు మించి తీయకండి.

బార్లీ లాంటి మీసాలున్న కంకులు రానివ్వకండి. ఎండిన మీసాలు నోట్లో, కంట్లో గుచ్చుకుంటాయి. గరిక పూత వేసినా ఇబ్బంది లేదు, తాబేళ్లు ఇష్టంగానే తింటాయి.

ఇంకో అడ్డదారి ఉంది: పక్కవాళ్ల లాన్ కోసినప్పుడు వచ్చే కత్తిరింపులు. మిషను నూనె అంటి ఉండొచ్చు, కుప్పలో వేడెక్కి పులిసిపోతుంది, ఆ లాన్‌కి ఏం కొట్టారో మీకు తెలియదు. ఉచితంగా వచ్చినా వద్దు.

9. తాబేలుకు అలవాటు చేయండి

కొత్త గడ్డిని మొదటి రోజు గుప్పెడు కాదు, చిటికెడు. అది ఇప్పటికే తినేదాంట్లో కలిపి పెట్టండి. లెట్యూస్ మీద పెరిగిన తాబేలు గడ్డిని వాసన చూసి మొహం తిప్పుకోవడం మామూలే. తొమ్మిది పాళ్లు ఇష్టమైన ఆకులు, ఒక పాలు సన్నగా తరిగిన గడ్డి, కాస్త తడిపి. వారానికోసారి గడ్డి పాలు పెంచుతూ పోండి. పిల్ల తాబేళ్లకు పొడుగు పోచలు తెంచడం చేతకాదు, కత్తెరతో ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలు చేయండి. పెద్ద సల్కాటాకు ఇవేం అక్కర్లేదు, ట్రే పెట్టి పక్కకు జరగండి.

ఒకేసారి రెండు కొత్త రకాలు పెట్టకండి. తేడా వస్తే దేనివల్లో తెలియదు.

సరిగ్గా సాగుతోందో లేదో మూడు చోట్ల చూడండి. విసర్జన గట్టిగా, ముక్క విరిస్తే లోపల గడ్డి పీచు కనిపించేలా ఉండాలి. పల్చగా, జిగటగా ఉంటే లేత గడ్డి తగ్గించి ఎండుగడ్డి పెంచండి. వారానికోసారి ఒకే వేళకు తూచి రాసుకోండి. ఎదిగే తాబేలు బరువు నిదానంగా పెరగాలి, పెద్దదైతే కాస్త అటూ ఇటూ నిలకడగా ఉండాలి. మూడోది, తిండి మీద ఆసక్తి. వేళకు తిండి దగ్గరకు నడిచి వస్తోందా?

నోటి నుంచి నురగ, మెడ వేలాడేయడం, వెనక కాళ్లు ఈడ్చడం, కళ్లు ఉబ్బడం, తింటున్నా రోజుల తరబడి విసర్జన లేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ గడ్డి వెంటనే ఆపేసి సరీసృపాలు చూసే పశువైద్యుల దగ్గరికి వెళ్లండి. నూనెలు, ఇంటి మందులు నోట్లో పోయకండి.

వెళ్లేటప్పుడు విత్తనాల ప్యాకెట్ పట్టుకెళ్లాలి. కాబట్టి కొన్న రోజే లేబుల్ రెండు వైపులా ఫొటో తీయండి. ఒక చెంచా గింజలు కాగితం పొట్లంలో కట్టి, పేరు, విత్తిన తేదీ రాసి, ఆ ట్రేలో గడ్డి అయిపోయేదాకా పారేయకుండా ఉంచండి. "ఏం తిన్నది?" అని డాక్టర్ అడిగితే "గడ్డండీ" అని చెప్పడం కన్నా ఆ పొట్లం చేతిలో పెడితే పని త్వరగా అవుతుంది.